పేరుకన్నా ముందు పుస్తకం: పాత వైద్యుల చదువు జాడ పట్టే దారి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక విశ్రాంత వైద్య గ్రంథాలయాధికారి చేసిన ప్రసంగానికి, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేసిన వాళ్లెవరిని కదిలించినా ఒక ప్రశ్న గురించి చెబుతారు. “మా ముత్తాతగారు తెల్లవాళ్ల కాలంలో డాక్టరండీ. ఆయన ఎక్కడ చదివారో ఎలా తెలుస్తుంది?” ఈ మధ్య ఇలా అడిగేవాళ్లు పెరిగారు. కొందరు ఊళ్లోంచే వస్తారు, కొందరు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో రాస్తారు. వాళ్ల చేతిలో ఒక ఫోటో, ఒక పేరు, పేరు చివర మూడు నాలుగు పొడి అక్షరాలు ఉంటాయి. అప్పటికే ఇంటర్నెట్‌లో ఆ పేరు కొట్టి చూసి ఉంటారు. ఏమీ రాలేదు కనుక రికార్డులన్నీ చెదలు తినేసి ఉంటాయని తీర్మానించుకుని ఉంటారు.

చెదలు తిన్నవి కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ మనకు కావలసిన సమాచారంలో పెద్ద భాగం చేతిరాత దస్త్రాల్లో కాదు, అచ్చు పుస్తకాల్లో ఉంది. ఏటేటా వేసి నలుమూలలకూ పంపిన పుస్తకాలవి. ఒకచోట పోయినా ఇంకోచోట మిగిలాయి. అవి దొరకనిది మనం పేరు పట్టుకుని వెతుకుతున్నందువల్ల. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పేరు తర్వాత వెతకండి. ఆ పేరు ఏ పుస్తకంలోకి ఎక్కగలదో, ఏ పుస్తకంలోకి ఎక్కలేదో ముందు తేల్చుకోండి.

ఎందుకంటే ఏ జాబితా వెనకైనా దాన్ని వేయించినవాడి అవసరం ఒకటి ఉంటుంది. 1858లో బ్రిటిష్ పార్లమెంటు వైద్య చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జనరల్ మెడికల్ కౌన్సిల్ 1859లో మొదటి మెడికల్ రిజిస్టర్ వేసింది. ఇది చట్టం కోరిన పుస్తకం. ఫలానా వ్యక్తి వైద్యుడా కాదా అని కోర్టులో తేల్చడానికి వేసింది కనుక పేరు, చిరునామా, నమోదైన తేదీ, అర్హత, అంతటితో సరి. దానికన్నా ముందే, 1845లోనే, లండన్‌లో మెడికల్ డైరెక్టరీ మొదలైంది. అది వ్యాపార ప్రచురణ. వైద్యులు తామే పత్రం నింపి పంపేవారు. చదివిన చోటు, చేసిన ఉద్యోగాలు, రాసిన వ్యాసాలు అన్నీ అందులో చెప్పుకునేవారు. రిజిస్టర్‌లో ఉన్నది నిజమని నమ్మవచ్చు గాని అందులో ఉండేది కొంచెం. డైరెక్టరీలో బోలెడంత ఉంటుంది గాని అది ఎవరి గురించి వాళ్లు చెప్పుకున్నది. ఈ రెండూ ఒకటే అనుకుని పని మొదలుపెట్టేవాళ్లు తరచు దారి తప్పుతారు.

మన వాళ్లు ఆ లండన్ రిజిస్టర్‌లో ఉండరా? కొందరు ఉంటారు. 1886 చట్టం తర్వాత దానికి వలసదేశాల జాబితా అని ఒక వేరే భాగం చేరింది. పుస్తకం మధ్యలో ఉండే పెద్ద జాబితా ఒక్కటి చూసి పుస్తకం మూసేస్తే అది కనపడదు. 1930లో ఆ కౌన్సిల్ భారతీయ డిగ్రీలకు గుర్తింపు ఆపేసింది. ఆ రగడ దరిమిలా 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. కనుక మీ పూర్వికుడు 1935లో పట్టా పుచ్చుకుంటే లండన్ రిజిస్టర్‌లో ఎందుకు లేడా అని బాధపడనక్కరలేదు.

ఇక అసలు మన నేలకు వద్దాం. మద్రాసు రాజధానిలో, అంటే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, వైద్యుల నమోదు చట్టం వచ్చింది 1914లో. అంతకు ముందు ఇక్కడ రిజిస్టరే లేదు. మద్రాసు మెడికల్ కాలేజీ చూస్తే 1835లో స్కూలుగా పుట్టి 1850లో కాలేజీ అయింది. అంటే దాదాపు ఎనభై ఏళ్ల పాటు డాక్టర్లు తయారయ్యారు గాని వాళ్లను ఒకచోట చేర్చిన చట్టబద్ధమైన పుస్తకం లేదు. ఆ కాలపు మనిషి కావాలంటే రెండు చోట్ల చూడాలి. మొదటిది మద్రాసు విశ్వవిద్యాలయం క్యాలెండర్. గోడకు తగిలించే క్యాలెండర్ కాదండోయ్, ఏటేటా వేసే లావుపాటి పుస్తకం. నిబంధనలు, పాఠ్యాంశాలు, పరీక్షాధికారుల పేర్లు, పట్టభద్రుల పట్టికలు అందులో ఉంటాయి. విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది కనుక వైద్య పట్టాల జాబితా ఆ తర్వాత నుంచే. రెండోది మద్రాసు ఆల్మనాక్, అసైలం ప్రెస్ వేసేది. పంచాంగంతో మొదలై ప్రభుత్వోద్యోగుల జాబితా దాకా అన్నీ ఉన్న పుస్తకం. ఏ ఊరి ఆస్పత్రిలో ఎవరు సర్జనో అక్కడ దొరుకుతుంది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ వైద్య సేవ అయిన ఇండియన్ మెడికల్ సర్వీసులో అధికారి అయితే ఇంకా తేలిక. క్రాఫర్డ్ అనే విశ్రాంత అధికారి 1615 నుంచి 1930 వరకు ఆ సర్వీసులో చేరిన వాళ్లందరి పట్టిక 1930లో ప్రచురించాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే.

“యూనివర్సిటీ క్యాలెండర్లన్నీ చూశాం, ఆయన పేరు లేదు” అంటారు. ఆయన పేరు చివర ఉన్న అక్షరాలు ఏమిటని అడిగితే ఎల్.ఎం.పి. అంటారు. ఉండదు మరి. ఎల్.ఎం.పి., అంటే లైసెన్స్‌డ్ మెడికల్ ప్రాక్టీషనర్, విశ్వవిద్యాలయం పట్టా కాదు. మెడికల్ స్కూళ్లలో చదివి, ప్రభుత్వ పరీక్ష రాసి తెచ్చుకున్న అర్హత. ఆ రోజుల్లో కాలేజీ వేరు, స్కూలు వేరు. మద్రాసులో రాయపురం స్కూలు, 1902లో మొదలైన విశాఖపట్నం మెడికల్ స్కూలు, 1918లో ఐడా స్కడర్ వేలూరులో ఆడవాళ్ల కోసం పెట్టిన మిషనరీ స్కూలు ఈ రెండో కోవలోవి. వీళ్ల పేర్లకు మద్రాసు ప్రభుత్వ గెజెట్ అయిన ఫోర్ట్ సెంట్ జార్జ్ గెజెట్ చూడాలి, 1914 తర్వాతి వాళ్లయితే మద్రాసు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ చూడాలి. వీళ్లేదో కొద్దిమంది అనుకోవద్దు. దేశ ఆరోగ్య పరిస్థితి మీద 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక లెక్క ప్రకారం దేశంలో నమోదైన 47,524 మంది వైద్యుల్లో 29,870 మంది ఈ లైసెన్షియేట్లే, అంటే డిగ్రీ కాక లైసెన్సు అర్హత ఉన్నవాళ్లే. పట్టభద్రులు 17,654 మంది. పల్లెల్లో, తాలూకా కేంద్రాల్లో మన తాతముత్తాతల నాడి చూసినవాళ్లు ఎక్కువగా ఎవరో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. విశ్వవిద్యాలయం క్యాలెండరుతో ఆగిపోయిన ఏ చరిత్ర రచనైనా ఐదుగురిలో ముగ్గురిని వదిలేసినట్టే. నా మటుకు నాకు అది చిన్న లోపం కాదు.

పొడి అక్షరాల దగ్గర ఇంకో మడత ఉంది. ఎల్.ఎం.పి. పక్కనే ఎల్.ఎం.ఎస్., అంటే లైసెన్షియేట్ ఇన్ మెడిసిన్ అండ్ సర్జరీ, అని ఇంకొకటి కనిపిస్తుంది. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గాని రెండో దాన్ని ఇచ్చింది విశ్వవిద్యాలయం. యల్లాప్రగడ సుబ్బారావు గారు తెచ్చుకున్నది అదే. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఆయనకు 1921లో దక్కింది ఎం.బి.బి.ఎస్. కాదు, ఎల్.ఎం.ఎస్. ఖద్దరు కట్టాడని శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చి అలా జరిగిందని చెబుతారు. ఎం.బి.బి.ఎస్. జాబితాలో వెతికితే ఆయన పేరు దొరకదు. అంత పెద్ద శాస్త్రవేత్తకే ఇలా అయితే మామూలు డాక్టరు సంగతి చెప్పాలా!

ఆయన పేరుతోనే రెండో చిక్కు చెబుతాను. మనకు ఇంటి పేరు ముందుంటుంది, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం. ఇంగ్లిషు సూచికలు చేసేవాళ్లకు చివరి మాటే ఇంటి పేరు. దాంతో తెలుగు దేశంలోని సుబ్బారావులు, వెంకటరావులు, రామారావులు అందరూ రావుల కిందికి చేరిపోయారు. ఆ రావునైనా ఒక్క తీరుగా రాశారా? ఒక పుస్తకంలో రావు, ఇంకోదానిలో రౌ. సుబ్బారావుగారే అమెరికాలో తన పేరు చివర రౌ అని రాసుకున్నారు. నాయుడుకూ శాస్త్రికీ ఇదే గతి. పంతులు అనే గౌరవవాచకాన్ని ఇంటి పేరు చేసి ‘ప’ కింద వేసిన సూచికలూ ఉన్నాయి. ఇక ప్రభుత్వ పత్రాల్లో పేరుకు ముందు మహారాజరాజశ్రీకి పొట్టి రూపమైన నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, వెనక గారు. స్కాన్ చేసిన పుటను చదివే యంత్రానికి ఇదంతా అయోమయం. అది చదవలేని పేరును మీరు ఎన్నిసార్లు టైపు చేసినా ఫలితం సున్నా. అందుకే సరైన సంవత్సరం పుస్తకం తీసుకుని, సరైన భాగం తెరిచి, కంటితో పుటలు తిప్పడమే మేలు. శ్రమేమీ కాదు, ఒక ఏడాది వైద్య పట్టాల జాబితా చాలావరకు ఒకటి రెండు పుటలకు మించదు.

ఊళ్ల పేర్లు మీకు తెలిసినవే. విజగపటం, కోకనాడ, ఎల్లూరు, మసూలిపటం. పాత పుస్తకంలో కాకినాడ అని వెతికితే కాకినాడ లేనట్టే కనిపిస్తుంది. కాలేజీల పేర్లూ మారాయి. విశాఖలో 1923లో మొదలైన వైద్య కళాశాల 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పట్టా ఇచ్చే సంస్థ కూడా మారింది. కనుక మొదటి తరం విద్యార్థుల కోసం మద్రాసు క్యాలెండర్లూ చూడాలి, ఆంధ్ర క్యాలెండర్లూ చూడాలి.

హైదరాబాదు సంగతి వేరు. నిజాం రాజ్యం మద్రాసు చట్టం కిందికి రాదు. 1846లో అక్కడ మొదలైన మెడికల్ స్కూలు మొదట ఉర్దూలో వైద్యం బోధించింది. దాని ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ కాలంలో ఇంగ్లిషుకు మారింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం నీడలో మళ్లీ ఉర్దూ వచ్చింది. కాబట్టి తెలంగాణ కుటుంబాల వాళ్లు వెతకాల్సిన కాగితాల్లో ఉర్దూ చాలా ఉంటుంది. ఇంట్లో చదివేవాళ్లు లేకపోతే ముందుగా చదివి చెప్పే మనిషిని కుదుర్చుకుని బయలుదేరండి. లారీ హయాంలోనే 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫాం అనే మత్తుమందు మీద రెండు కమిషన్లు హైదరాబాదులో పరీక్షలు చేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చాడు. నివేదిక 1891లో బొంబాయిలో అచ్చయింది. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు వైద్యంలో పేరు తెచ్చుకుంది. డైరెక్టరీ దొరకని చోట ఇలాంటి నివేదికలు, వాటిలో వచ్చే సిబ్బంది పేర్లే ఆధారం.

సరే, ఏ పుస్తకం కావాలో తేలింది. అది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇక్కడే కేటలాగు అవసరం పడుతుంది. నాకు ఇష్టమైన విషయం కనుక కాస్త ఎక్కువ మాట్లాడితే క్షమించాలి.

పాత కేటలాగు నేటి సెర్చి పెట్టెలాంటిది కాదు. దానికి నియమాలున్నాయి, అవి తెలియకపోతే తలుపు తెరుచుకోదు. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో, అచ్చు పుస్తకాల విభాగం అధిపతి పానిజీ ఆధ్వర్యంలో, 1841లో 91 సూత్రాలు అచ్చయ్యాయి. రచయిత పేరు లేని పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలి అనేది అప్పటి పెద్ద తగాదా. పంచాంగాలూ ఆల్మనాక్‌లూ అన్నీ ఎఫెమెరిడీస్ అనే ఒక్క శీర్షిక కింద, పత్రికలన్నీ పీరియాడికల్ పబ్లికేషన్స్ కింద, విద్యాసంస్థలవి అకాడెమీస్ కింద, లోపల ఊరి పేరు వరసన. మద్రాసు ఆల్మనాక్‌ను ‘మ’లో వెతికినవాడు ఉత్త చేతులతో వెనక్కి వస్తాడు. ఎఫెమెరిడీస్ అనే మాట ఆ కాలపు గుమాస్తాకు తెలుసు, మనకు తెలియదు. ఆ పాత అచ్చు కేటలాగుల అవసరం ఇంకా ఉందా అని కుర్ర గ్రంథపాలకులు నన్ను అడుగుతుంటారు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి ఆగిపోయింది. అప్పుడు అలమరలోని అచ్చు సంపుటాలు చక్కగా పనిచేశాయి. (నవ్వులు)

వైద్యానికి వస్తే కేటలాగులకు పెద్దన్న అమెరికా సైన్యం సర్జన్ జనరల్ కార్యాలయం గ్రంథాలయానిది. అంతర్యుద్ధం ముగిశాక ఆ గ్రంథాలయాన్ని వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో పెట్టారు. లింకన్‌ను కాల్చిన నాటకశాల అదే. జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు అక్కడ కూర్చుని, దొరికిన వైద్య గ్రంథమల్లా తెప్పించి, 1880లో ఇండెక్స్ కేటలాగు మొదటి సంపుటం తెచ్చాడు. 1879లో, రాబర్ట్ ఫ్లెచర్ సాయంతో, ఇండెక్స్ మెడికస్ అని నెలనెలా వచ్చే వైద్య రచనల సూచిక ప్రారంభించాడు. ఇండెక్స్ కేటలాగు అయిదు విడతలుగా 1961 దాకా సాగి 61 సంపుటాలైంది. ఒక్కో విడత మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలవుతుంది. ఒక విడతలో లేదంటే అసలే లేదని కాదు, తర్వాతి విడతలో ఉండవచ్చు. గొప్పతనం ఎక్కడుందంటే, రచయితలనూ విషయాలనూ ఒకే వరసలో కలిపి, విషయం కింద పుస్తకాలతో పాటు పత్రికా వ్యాసాలు కూడా చేర్చాడు. క్లోరోఫాం అనే శీర్షిక తెరిస్తే మన హైదరాబాదు పరీక్షల మీద లోకమంతా చేసిన వాదోపవాదాలు అక్కడ కనిపిస్తాయి. ఈ గ్రంథాలయమే నేటి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. ఈ కేటలాగును ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకవచ్చు.

అమెరికా మాట వచ్చింది కనుక అక్కడి డైరెక్టరీ ఒకదాని గురించి రెండు ముక్కలు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1906లో తన డైరెక్టరీ మొదలుపెట్టింది. రాష్ట్రం, ఊరు, ఆ తర్వాత పేరు, చదివిన స్కూలుకు ఒక సంకేతం, పట్టా పొందిన ఏడాది. 1910లో అక్కడి వైద్య విద్య మీద అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. ఆయన 155 స్కూళ్లు తిరిగి చూశాడు. దాని తర్వాతి ఏళ్లలో వాటిలో చాలా మూతపడ్డాయి. నల్లజాతి వాళ్ల స్కూళ్లు ఏడింటిలో హోవర్డ్, మెహరీ రెండే నిలబెట్టదగ్గవని ఆయన రాశాడు. మిగతావి పోయాయి. స్కూలు పోతే దాని రికార్డు పోతుంది, అక్కడ చదివినవాడి పేరు డైరెక్టరీలో మిగులుతుంది. కానీ అదే డైరెక్టరీ నల్లజాతి వైద్యుల పేర్ల పక్కన జాతిని సూచించే గుర్తు ఒకటి దశాబ్దాల పాటు వేసింది. అవమానించడానికి వేసిన ఆ గుర్తు పట్టుకునే ఇవాళ చరిత్రకారులు వాళ్లను లెక్కిస్తున్నారు. పుస్తకం ఎవరి అవసరం కోసం పుట్టిందో చూడమని నేను మొదట అన్నది ఇందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ప్రపంచ వైద్య విద్యాలయాల డైరెక్టరీ వేసింది. 2014లో వేర్వేరు డైరెక్టరీలు కలిసి ఇప్పటి వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్ అయింది. 1965 తర్వాత అమెరికా వెళ్లిన మన డాక్టర్ల కాలేజీల పాత పేర్లు సరిచూసుకోవడానికి ఇది చాలు. అంతకు ముందటి కాలానికి చాలదు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ఇవన్నీ చూడటానికి లండన్ వెళ్లాలా సార్?

చాలావరకు అక్కరలేదమ్మా. మద్రాసు కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది, మద్రాసు రాజధాని ప్రచురణలకు మొదట చూడవలసిన చోటు అదే. హైదరాబాదులో వైద్య వారసత్వానికే ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ ఉంది, ఉస్మానియా మెడికల్ కాలేజీలో డి.వి. సుబ్బారెడ్డి గారు పెంచిన వైద్య చరిత్ర విభాగం నుంచి వచ్చింది. ఇంట్లో కూర్చునే చేయాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్, వెల్‌కమ్ సేకరణ, హాథీట్రస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాలు చూడండి. హాథీట్రస్ట్ పుస్తకం చదవనివ్వకపోయినా మీరు వెతికిన మాట ఏ పుటలో ఉందో చెబుతుంది. ఆ పుట సంఖ్య తీసుకుని పుస్తకం ఉన్న గ్రంథాలయానికి రాస్తే పని సగం అయినట్టే. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం బ్రిటిష్ ఇండియా వైద్య నివేదికలను ఉచితంగా పెట్టింది. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు కూడా ఆర్కైవ్‌లో ఉన్నాయి గాని వాటి శీర్షికలు, సంవత్సరాలు చాలాచోట్ల తప్పుల తడక. అక్కడ పేరు నమ్మవద్దు, ఫైలు తెరిచి ముఖపత్రం చూడండి.

ప్రశ్న: మా తాతగారిది భీమవరం దగ్గర. అందరూ డాక్టరుగారనే పిలిచేవారట, కానీ మద్రాసు రిజిస్టర్‌లో లేరు. పేరు చివర ఎల్.ఐ.ఎం. అని ఉంది. దొంగ డాక్టరా అని మా బంధువుల్లో ఒకరు అంటున్నారు.

ఆ బంధువుకు చెప్పండి, కాదని. ఎల్.ఐ.ఎం. అంటే దేశీయ వైద్యంలో లైసెన్సు. 1925లో మద్రాసులో ప్రభుత్వమే భారతీయ వైద్య పాఠశాల పెట్టింది. 1914 చట్టం ఇంగ్లిషు వైద్యానికి సంబంధించింది కనుక ఆ రిజిస్టర్‌లో మీ తాతగారు ఉండరు. ఆ పాఠశాలకు, దాని ప్రిన్సిపాలు శ్రీనివాసమూర్తి గారికి సంబంధించిన ప్రభుత్వ పత్రాలు వెతకండి. మీ తాతగారి గురువులు, ఆయనకన్నా ముందు తరం వైద్యులు కావాలంటే ఇంకో మంచి ఆధారం ఉంది. దేశీయ వైద్యం మీద మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక 1923లో వచ్చింది. దాని రెండో భాగంలో వైద్యులు పంపిన జవాబులు ఎవరి భాషలో వాళ్లవిగా అచ్చయ్యాయి, తెలుగువి కూడా ఉన్నాయి. పుస్తకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. 1923 నాటి కాగితాల్లో భీమవరం కృష్ణా జిల్లాలో ఉంటుంది, అక్కడ చూడండి.